ఊదురాళ్ళ దగ్గర ఆగని బండి

సవాయి దీవికి దక్షిణపు ఒడ్డున ఉన్నది ఒక్కటే రోడ్డు. పొద్దున పడవ దిగిన టూరిస్టుల్ని ఎక్కించుకుని పెసమీనో వ్యాను ఆ రోడ్డు పట్టిందంటే, జలపాతం దగ్గర ఆగుతుంది, నల్ల ఇసుక రేవు దగ్గర ఆగుతుంది, సముద్రంలోకి వంగిన రాతి తోరణం దగ్గర ఆగుతుంది. దారికి అడ్డంగా పందిపిల్లలు పోతున్నా ఆగుతుంది. ఆగనిది ఒక్క మాతాఉలిలోనే.

నిజానికి జనం అంత దూరం వచ్చేదే మాతాఉలి కోసం. అక్కడ ఒడ్డంతా ఎప్పుడో కొండ కక్కిన నిప్పు గడ్డకట్టిన నల్లరాయి. రాయి కింద సొరంగాలు. పెద్ద అల వచ్చి సొరంగంలో దూరిందంటే పైనున్న కన్నాల్లోంచి నీళ్ళు కొబ్బరిచెట్లను మించి లేస్తాయి. ఊదురాళ్ళంటారు వాటిని. సమయం చూసి కన్నంలో కొబ్బరికాయ పడేస్తే అది కూడా తారాజువ్వలా పైకి పోతుంది. టూరిస్టులు చప్పట్లు కొడతారు.

పెసమీనో మాత్రం ఆ ఊరొచ్చేసరికి ఏదో ఒకటి చెప్పేవాడు. ఇవాళ సముద్రం పడుకుందనేవాడు. ఊళ్ళో చావు, వెళ్తే బాగుండదనేవాడు. ఎవరైనా రెట్టిస్తే వినబడనట్టు రేడియో పెంచేవాడు. ఊదురాళ్ళ దగ్గర ఆకుల పాకలో కొబ్బరికాయలు పెట్టుకుని కూర్చునే ఫిలేము మొహం చూసే ధైర్యం అతనికి లేదు.

నిరుడు సీమపనస కాయలు పండే కాలంలో, బడి వదిలే వేళ, అతని వ్యాను కిందపడి ఎతీ అనే పిల్లాడు పోయాడు. పరుగెత్తుకుంటూ రోడ్డు మీదికి వచ్చిన మాట నిజమే. కానీ ఆ క్షణంలో పెసమీనో ఒక చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, "అదిగో, అదిగో చూడండి, ఎంతెత్తు లేచిందో!" అని వెనక కూర్చున్నవాళ్ళకి ఊదురాళ్ళు చూపిస్తున్నాడు. ఆ సంగతి అతనే పోలీసులకి చెప్పాడు, కోర్టులో చెప్పాడు, చర్చిలో నిలబడి చెప్పాడు. అప్పట్నుంచి స్టీరింగు మీంచి చెయ్యి తియ్యడు. ఏం చూపించాలన్నా గడ్డంతోనే చూపిస్తాడు.

తప్పు చేసిన కుటుంబం చెయ్యాల్సింది చేసింది. పెసమీనో పెదనాన్న అసోవా ఆ ఇంటికి మతాయి, అంటే కుటుంబ పెద్ద. తెల్లారకముందే మాతాఉలి వెళ్ళి, పిల్లాడి తండ్రి సియావే వాకిట్లో, సన్నటి అల్లిక చాప తలమీదుగా కప్పుకుని కూర్చున్నాడు. పక్కన కట్టెలు, పొయ్యిరాళ్ళు, ఆకులు. కావాలంటే మమ్మల్నే కాల్చుకు తినండి అని దానర్థం. చాప కింద కూర్చున్నవాడికి పడేది దెబ్బో, దొరికేది క్షమాపణో ముందు తెలియదు. ఇఫోంగా అంటే అదే. పెసమీనో వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చాక సియావే ఇంట్లోంచి వచ్చి చాప ఎత్తాడు. లోపలికి పిలిచి వేడి కోకో పోశాడు. అయిపోయింది.

అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కానీ ఎతీని పెంచింది సియావే కాదు. ఒకరి కడుపున పుట్టి ఇంకొకరి చేతిముద్ద తిని పెరగడం ఆ దీవిలో ఇంటింటా ఉన్నదే. పాలు మాన్పించిన రోజు నుంచి ఎతీ పెరిగింది ఊరి రెండో చివర, తల్లి తరఫు మామ్మ వరస ఫిలేము దగ్గర. ఆమె పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో మతాయి లేడు, ఊరి సభలో ఆమె తరఫున మాట్లాడేవాడు లేడు. పిల్లాడు పోయాక సియావే వాళ్ళు వచ్చి మా రక్తం అంటూ తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లోనే సమాధి కట్టుకున్నారు. చాప కూడా వాళ్ళ వాకిట్లోనే ఎత్తారు. ఫిలేము గడపలోకి ఎవరూ రాలేదు.

ఆ సంగతి పెసమీనో ముందు పైకి అన్నది ఆలస్యంగానే, అదీ భార్య మారేతా.

"మనం తప్పు ఇంటిముందు కూర్చున్నామయ్యా," అంది ఆమె ఒక రోజు.

అతను పెదనాన్న దగ్గరికి పరుగెత్తాడు. ముసలాయన ఒప్పుకోలేదు.

"సియావే చాప ఎత్తాడా లేదా?"

"ఎత్తాడు పెదనాన్నా."

"మరి ఇంకో ఇంటి ముందు కూర్చుంటే, సియావే క్షమించింది చెల్లదని మనమే ఊరంతా చాటినట్టు కాదూ? రేపు వాళ్ళు కత్తులు పట్టుకొస్తే ఎవడు సమాధానం చెప్తాడు, నీ టూరిస్టులా? నోరు మూసుకుని బండి నడుపుకో."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే పెసమీనో నోరు మూసుకుని బండి నడుపుకుంటున్నాడు.

ఒకనాడు పొద్దున బయల్దేరేటప్పుడు మారేతా కొబ్బరిపాలలో ఉడికిన బన్నులు ఆకులో చుట్టి ఇచ్చింది.

"నిన్న ఆడవాళ్ళ ప్రార్థనలో ఫిలేమక్క నా ఎదురుగానే కూర్చుంది," అంది.

"ఏమైనా అందా?"

"నేను పెట్టిన తినుబండారం ముట్టుకోలేదు. తిట్టినా బాగుండేది. నవ్వుతూ పక్కావిడకి ఇచ్చేసింది."

పెసమీనో వ్యాను తీశాడు.

పడవ దిగింది ఇద్దరే, న్యూజిలాండ్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం, పాలాంగులు, అంటే తెల్లవాళ్ళు. ఆయన పేరు గ్రాంట్, కాళ్ళు పొడుగు, టోపీ చిన్నది. ఆవిడ పేరు నొరీన్. సీట్లో కూర్చుంటూనే ఫోన్ తెరిచి, "మొదట జలపాతం, తరవాత నల్ల ఇసుక, తరవాత తోరణం, చివర ఊదురాళ్ళు," అని చదివింది.

"డ్రైవరు ఆయనా, నువ్వా?" అన్నాడు గ్రాంట్.

"నువ్వు పోయినసారి ఫిజీలో దారి తప్పించావుగా, అందుకని."

"మ్యాప్ తలకిందులుగా పట్టుకుంది నువ్వు."

పెసమీనో నవ్వాడు. పాలాంగులైనా మొగుడూ పెళ్ళాల గొడవ ఒకటే. కానీ ఊదురాళ్ళు అన్న మాట గుర్తొచ్చి నవ్వు ఆపి బండి తీశాడు.

జలపాతం దగ్గర ఇద్దరూ నీళ్ళలో దిగారు. ఆ స్థలం తాలూకు ముసలాయన రాతి మీద కూర్చుని డబ్బాలో పైసలు వేయించుకుని, "ఏం పెసమీనో, ఈ మధ్య చిక్కిపోయావు, మారేతా తిండి పెట్టట్లేదా?" అన్నాడు.

"పెడుతోంది మామా. లోపలికి పోవట్లేదంతే."

"పోనీ నాకు పంపించు, నాకు పోతుంది."

పెసమీనో ఆకు విప్పి బన్నులు ఆయన చేతిలోనే పెట్టేశాడు. ముసలాయన ఎగతాళి మానేసి అతని మొహంలోకి చూశాడు. ఏమీ అడగలేదు. ఆ రోడ్డు మీద అడగాల్సినంత రహస్యమేం కాదది.

నల్ల ఇసుక రేవులో నొరీన్ పసిపిల్లలా చెప్పులు చేతబట్టుకుని తిరిగింది. రాతి తోరణం దగ్గర గ్రాంట్ అంచు దాకా వెళ్ళి ఫోటో తీయించుకుంటానంటే పెసమీనో అరిచి వెనక్కి పిలిచాడు. గొంతు అంత గట్టిగా వస్తుందని అతనికే తెలీదు. గ్రాంట్ బెదిరి వచ్చేశాడు.

"క్షమించండి సార్. గాలి చెప్పలేం," అన్నాడు పెసమీనో. ఇద్దర్నీ బండి వైపు నడిపించాడు.

తోరణం దాటాక రోడ్డు ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దగ్గరే అతను రోజూ అబద్ధం మొదలుపెట్టేది.

"మేడమ్, ఇవాళ ఊదురాళ్ళు ఆడవు. సముద్రం పడుకుంది. ముందుకెళ్తే మంచి రేవొకటి ఉంది, అక్కడ తాబేళ్ళు..."

అంతలో కొబ్బరిచెట్ల తలల మీదుగా తెల్లటి నీటి స్తంభం లేచింది. వెంటనే పక్కన రెండోది. ఆ మోత వ్యాను అద్దాల్లో గడగడమంది.

"పడుకున్న సముద్రం గురక పెడుతోందా ఏమిటి?" అన్నాడు గ్రాంట్.

"ఆపండి, ఆపండి! దీని కోసమే కదా వచ్చాం!" నొరీన్ ముందు సీటు పట్టుకుని లేచి నిలబడింది.

పెసమీనో రేడియో మీదికి చెయ్యి పోనిచ్చాడు. స్టీరింగు వదలాల్సి వస్తుందని వెనక్కి తీసుకున్నాడు. నిరుడు పిల్లాడు పరుగెత్తిన చోటు దాటుతున్నాడు. ఎప్పుడూ నడిచినంత నెమ్మదిగా దాటేవాడు. ఆ రోజు మరీ నెమ్మదించింది. నెమ్మదించిన బండి, అతను ఆపాడో అదే ఆగిందో గాని, పాక పక్కన మొరం పోసిన జాగాలో నిలబడిపోయింది.

"మీరు వెళ్ళి చూసి రండి. నేను బండిలోనే ఉంటాను," అన్నాడు.

ఫిలేము పాకలోంచి లేచింది. పొడుగాటి మనిషి, నడుముకి పూల లుంగీ, తలలో దువ్వెన. వ్యానుని చూసింది. లోపల ఎవరున్నారో చూసింది. తరవాత నొరీన్ వైపు తిరిగి ఎప్పట్లాగే నవ్వి, కాయలు సంకన పెట్టుకుని రాళ్ళ మీదికి నడిచింది. నురగ వెనక్కి జారేదాకా ఆగి కాయ కన్నంలో వేసింది. కాయ ఆకాశంలోకి పోయింది. గ్రాంట్ ఈల వేశాడు.

పెసమీనో అద్దంలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. ఇంకో రెండు కాయలు, ఇంకో పది ఫోటోలు, వెళ్ళిపోవచ్చనుకున్నాడు.

కానీ నొరీన్ పాకలోకి తొంగిచూసింది. అక్కడ స్తంభానికి మందార పూల దండ వేసిన ఒక ఫోటో కట్టి ఉంది. ముందు పళ్ళు ఊడిన పిల్లాడు, రెండు చేతుల్లో రెండు కొబ్బరికాయలు.

"ఎంత ముద్దుగా ఉన్నాడో! మీ మనవడా? బడికెళ్ళాడా?"

గాలికి ఆ మాట వ్యానుదాకా వచ్చింది. ఫిలేము జవాబు కూడా వచ్చింది.

"మీ డ్రైవర్ని అడుగు."

నొరీన్ నవ్వుతూనే వ్యాను దగ్గరికి వచ్చింది. "మిమ్మల్ని అడగమంటోంది. ఎవరండీ ఆ బాబు? మీ బంధువా?"

పెసమీనో స్టీరింగు వదిలాడు. చెప్పులు బండిలోనే వదిలేసి దిగాడు. నొరీన్ నవ్వు ఆగిపోయింది. అతను వంగి, తల దించుకుని, పెద్దల ముందునుంచి నడిచినట్టు నడిచి వెళ్ళి, పాక ముందు నల్లరాతి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నిలబడి మాట్లాడే మాటలు కావవి.

ఫిలేము చాలాసేపు కాయలు సర్దుకుంటూనే ఉంది.

"ఇన్నాళ్ళకి నీ బండికి బ్రేకులు పడ్డాయన్నమాట," అంది చివరికి.

పెసమీనో తల ఇంకాస్త దించాడు.

"మీ పెదనాన్న బాగున్నాడా? మోకాళ్ళ నొప్పులంట కదా పాపం. సియావే వాకిట్లో అంతసేపు కూర్చున్నాడు మరి. రాయి గట్టిగా ఉంటుందక్కడ."

"ఫిలేమక్కా..."

"అక్కనే. వాడికి నేనేమవుతానో మీ ఇంట్లో ఎవరికీ తెలీదా? ఈ దారిన రోజూ పోయేవాడివి. వాడు రోజూ నా పక్కన ఇక్కడే కాయలు మోస్తుండేవాడు. నీ బండికే ఎన్నిసార్లు చెయ్యి ఊపాడు. వాడు ఎవరి ఇంటికి పోయి పడుకుంటాడో నీకు తెలీదా?"

"తెలుసక్కా," అన్నాడు పెసమీనో. అబద్ధం చెప్పడానికి అక్కడ చోటు లేదు. "నాకు తెలుసు. ఆ రోజు ఎవరింటికి పోవాలని పెదనాన్న అడిగితే, తండ్రి పేరు చెప్పాను. భయంతో నోటికొచ్చింది అదే. తండ్రి ఒప్పుకుంటే చాలనుకున్నా. నీ పేరు చెప్పి ఉండాల్సింది."

ఆమె చేతిలో కాయ జారి రాయి మీద దొర్లింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు.

"వాడి సమాధి దగ్గరికి వెళ్ళాలంటే నేను సియావే పెళ్ళాన్ని అడిగి వెళ్ళాలి. పూలు పెట్టుకోవాలంటే అడగాలి. ఆవిడ మంచిదే, రమ్మంటుంది. కానీ అడగాలి."

వెనక అల వచ్చి విరిగింది. ఇద్దరి మీదా తుంపర పడింది. నొరీన్ వ్యాను పక్కన బొమ్మలా నిలబడి ఉంది. భాష తెలియకపోయినా ఏదో అర్థమైనట్టుంది. గ్రాంట్ ఫోన్ దించేశాడు.

"నేను రానా అక్కా? మీ ఇంటికి?"

"మీ పెదనాన్న రాడుగా."

"రాడు."

"మతాయి లేకుండా ఎలా వస్తావ్? చాప కింద ఎవరు కూర్చుంటారు?"

"తెలీదక్కా."

ఫిలేము దొర్లిన కాయ తీసుకుని కుప్పలో పెట్టింది. "బండి నడిపేటప్పుడు నీ పక్కన మీ పెదనాన్న కూర్చున్నాడా?" అని అడిగింది.

"లేడు."

"మరింకేం." ఆమె నొరీన్ వైపు తిరిగి, పాలాంగుల భాషలో, "ఇంకో కాయ వెయ్యనా? ఇది ఉచితం," అంది. నొరీన్ తల అడ్డంగా ఊపింది.

తిరుగుదారిలో వ్యాను ఎక్కడా ఆగలేదు. పడవరేవు దగ్గర దిగేటప్పుడు నొరీన్, "నేను అడగకుండా ఉండాల్సింది," అంది.

"కాదు మేడమ్. మీరు అడిగారు కాబట్టే దిగాను," అన్నాడు పెసమీనో.

సాయంత్రం ప్రార్థన ముగిశాక పెదనాన్న ఇంటికి వెళ్ళాడు. గోడల్లేని ఇల్లు. ముసలాయన స్తంభానికి ఆనుకుని ఈగలు తోలుకుంటున్నాడు. పెసమీనో మెట్టు కిందే కూర్చున్నాడు.

"పెదనాన్నా, రేపు మాతాఉలి పోతున్నా. ఫిలేమక్క ఇంటికి."

"ఎవరు పంపుతున్నారు?"

"ఎవరూ పంపట్లేదు. నేనే పోతున్నా. నిన్ను రమ్మనడానికి రాలేదు. చెప్పడానికి వచ్చా."

అసోవా ఈగలు తోలడం ఆపాడు. "సియావేకి ఏం చెప్తావ్?"

"అతను ఎత్తింది ఎత్తినట్టే ఉంది. అతని బాకీ తీరింది. ఇది వేరే మనిషి బాకీ."

"లాయర్లా మాట్లాడకు. సియావే మనుషులు నిన్ను దారిలో ఆపి కొడితే?"

"కొడితే కొడతారు."

"కొడితే కొడతారంట! నిన్ను కొడితే నేను ఊరుకోవాలి. ఊరుకోకపోతే రెండు ఊళ్ళు కొట్టుకోవాలి. నీ మనసు తేలిక చేసుకోవడానికి మా అందరి నెత్తిన పెడతావా బరువు?"

ఆ మాట పెసమీనోకి సూటిగా తగిలింది. పెదనాన్న చెడ్డవాడు కాదు. రాయి మీద మోకాళ్ళు ఆనించి, ఎవరి చేతి దెబ్బ మీద పడుతుందో తెలియకుండా చాప కింద కూర్చున్నది ఈయనే.

"నా మనసు తేలికవ్వదు పెదనాన్నా. ఆమె చాప ఎత్తినా అవ్వదు. కానీ ఆమెకి చెప్పాల్సింది ఒకటి నా దగ్గర ఉండిపోయింది."

ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు. "ఈ ఇంటి చాప ముట్టుకోవద్దు," అన్నాడు. "ఈ ఇంటి పేరు ఎత్తొద్దు. పో."

ఇంటికి వచ్చేసరికి మారేతాకి సంగతి ముందే చేరింది. ఆ ఊళ్ళో మాట మనిషి కన్నా ముందు నడుస్తుంది. ఆమె పరుపు ఎత్తి, కింద పరిచి దాచుకున్న సన్నచాపని బయటికి లాగుతోంది. పట్టుగుడ్డలా మెత్తనిది. అంచున ఎర్ర ఈకలు. ఆమె తల్లి ఏళ్ళ తరబడి కూర్చుని అల్లింది.

"అది మీ అమ్మది," అన్నాడు పెసమీనో.

"అందుకే. మా అమ్మ చాపని ముట్టుకోవద్దనడానికి మీ పెదనాన్న ఎవరు?"

"ఎత్తినవాళ్ళకే పోతుంది, మళ్ళీ మన ఇంటికి రాదది."

"తెలుసులే. కట్టెలు నువ్వు మొయ్యి, ఇది నేను మోస్తా."

"నువ్వెందుకు? దారిలో గొడవైతే..."

"నువ్వు ఒక్కడివే పోతే మొగాళ్ళ గొడవ అంటారు. నేను పక్కనుంటే చెయ్యెత్తేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు. అదీగాక నీకు చాప కప్పుకోవడం రాదు. తలకిందులుగా కప్పుకుంటావ్."

మర్నాడు తెల్లారకముందే మాతాఉలి పొలిమేరలో వ్యాను వదిలేసి నడిచారు. తూర్పున సముద్రం ఇంకా బూడిదరంగులోనే ఉంది. కుక్కలు మొరిగాయి. సియావే ఇంటి ముందునుంచే పోవాలి. అతని వాకిట్లో తెల్లటి పలకల చిన్న సమాధి. పెసమీనో కట్టెలమోపుతోనే నడుం వంచి దాటాడు. ఇంట్లో ఎవరో లేచి కూర్చున్నట్టు నీడ కదిలింది. దోమతెర పక్కకి జరిగింది. ఎవరూ బయటికి రాలేదు. ఎవరూ పిలవలేదు.

ఊరి చివర ఫిలేము ఇల్లు చిన్నది. వాకిలంతా సీమపనస ఆకులు. కట్టెలు, రాళ్ళు దించి, పెసమీనో నేల మీద కూర్చుని తల వంచాడు. మారేతా చాప కప్పి, వెనక్కి వెళ్ళి తనూ కూర్చుంది.

చాప కింద చీకటి. అల్లిన ఆకు వాసన, పరుపు కింద వాసన. బయట ఏం జరుగుతుందో చెవులతోనే తెలియాలి. కోళ్ళు కూశాయి. ఎవరివో అడుగులు రోడ్డు మీద ఆగాయి, ఇంకొందరివి ఆగాయి. గుసగుసలు. ఒక మగగొంతు, "సియావేకి చెప్పారా?" అంది. ఇంకో గొంతు, "వాడు లేచే ఉన్నాడు. వదిలెయ్యమన్నాడు," అంది.

ఇంట్లోంచి తలుపు చప్పుడు రాలేదు, ఆ ఇంటికి తలుపే లేదు. మెట్టు మీద అడుగు పడింది. తరవాత చీపురు చప్పుడు మొదలైంది.

రోజూ ఊడ్చినట్టే ఊడుస్తోంది ఫిలేము. వాకిలి ఆ మూల నుంచి మొదలుపెట్టింది. పుల్లల చీపురు నేల మీద గీరుకుంటూ దగ్గరికి వచ్చింది, చుట్టూ తిరిగింది, దూరం పోయింది. మళ్ళీ వచ్చింది. ఒకసారి చాప అంచుకి తగిలింది. పెసమీనో ఊపిరి బిగబట్టాడు. దెబ్బ పడుతుందేమోనని కాదు, ఊడ్చేసి లోపలికి వెళ్ళిపోతుందేమోనని.

చీపురు ఆగింది.

"వాడు ఏమైనా అన్నాడా?"

గొంతు చాలా దగ్గర్నుంచి వచ్చింది. ఆమె నేల మీద కూర్చున్నట్టుంది.

"నువ్వే కదా ఆసుపత్రికి తీసుకుపోయింది. సియావేని అడిగితే దారిలోనే పోయాడన్నాడు. ఇంకెవరూ ఏం చెప్పలేదు. ఏమైనా అన్నాడా, అనలేదా?"

పెసమీనో చాప కిందనుంచే చెప్పాడు.

"అన్నాడక్కా. నా ఒళ్ళోనే పడుకోబెట్టుకున్నా, బండి ఆ రోజు వెనక కూర్చున్న పాలాంగి ఒకడు నడిపాడు. నొప్పి అనలేదు. చొక్కా చూసుకున్నాడు. భుజం దగ్గర చిరిగింది. 'మామ్మ తిడుతుంది' అన్నాడు. 'నువ్వు చెప్పు, నేను పరుగెత్తలేదని చెప్పు, మెల్లగానే నడిచానని చెప్పు' అన్నాడు. చెప్తాలే అన్నాను. చెప్తాలే అన్నాక మళ్ళీ అడిగాడు, చెప్తావా అని. తరవాత మాట్లాడలేదు."

రోడ్డు మీద గుసగుసలు ఆగిపోయాయి.

"నేను చెప్పలేదక్కా. ఇన్నాళ్ళు ఈ దారినే పోతూ చెప్పలేదు."

చీపురు కింద పెట్టిన చప్పుడైంది. తరవాత చాప కదిలింది. వెలుతురు మొదట మోకాళ్ళ మీద పడింది, తరవాత చేతుల మీద, తరవాత మొహం మీద. ఆమె రెండు చేతులతో చాప ఎత్తి పట్టుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతన్ని చూడట్లేదు. ఆ చిరిగిన చొక్కా అక్కడెక్కడో కనబడుతున్నట్టు చూస్తోంది.

"కొత్తది," అంది. "నేనే కుట్టాను. తిట్టేదాన్నే."

చాపని మడత పెట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. దాని అంచున ఎర్ర ఈకల్ని వేలితో సవరించింది. మారేతా వెనకనుంచి ఏడుస్తోంది. పెసమీనో అలాగే కూర్చుని ఉన్నాడు. లేవమని ఆమె ఇంకా అనలేదు.

"నీ కట్టెలు పచ్చివి," అంది ఫిలేము చివరికి. "మండవు. లోపల ఎండువి ఉన్నాయి, తీసుకురా. కోకో కాచుకుందాం."